దామెర్ల చెన్నప్ప నాయకుడు – అతని కుటుంబము

పదునేడవ శతాబ్దపు ఒక భూస్వామి వంశమును గూర్చిన పరిశీలనము

ఊరిపేరునందు మనిషిపేరు దాగియుండుట సికింద్రాబాదు వాసులకు క్రొత్త విషయము కాదు. 1798 నాటి సంధి తరువాత హుసేనుసాగరమునకు ఉత్తరమున ఆంగ్ల సైన్యము విడిసిన తావునకు, 1806లో, నాటి నిజాము సికందర్ జా పేరు పెట్టబడెను. పాలకుని పేర పాలితులు ఊరిని పిలుచుట లోకమున సామాన్యమే. కాని కొడుకులు తండ్రిపేర నొక యూరు నిలుపగా, ఆ యూరు మహానగరమై, తండ్రి యెవరో లోకము మరచినను పేరుమాత్రము నిలిచియుండుట అరుదు. చెన్నపట్టణము అట్టిది. 1996లో మద్రాసు అను పేరును తొలగించి చెన్నై అను పేరును అధికారముగ స్థిరపరచినప్పుడు, ఆ యక్షరములలో నొక తెలుగు నాయకుని పేరున్నదని తలచినవారు కొలదిమంది మాత్రమే. ఆ నాయకుడు దామెర్ల చెన్నప్ప. అతని భార్య అక్కమాంబ. వారి కుమారులు వేంకటప్ప, అయ్యప్ప, అంకభూపాలుడు. ఈ కుటుంబ చరిత్రను లభ్యమగు ఆధారములనుబట్టి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఆధారములు

ఒక సామాన్య భూస్వామి జీవితమును మూడు వందల యేండ్ల పిమ్మట తిరిగి నిర్మింపవలెనన్న చరిత్రకారుడు ఏయే సామగ్రిపై నాధారపడును? ఈ ప్రశ్నకు దేశమునుబట్టి సమాధానము మారును. చెన్నప్ప కుమారులు బ్రతికియున్న కాలముననే ఐర్లండు దేశమున భూస్వాముల కుటుంబములు పెద్ద విపత్తునకు లోనైనవి. అచట 1641లో తిరుగుబాటు చెలరేగెను. 1649లో క్రాంవెల్ సైన్యముతో దిగెను. 1652 నాటి శాసనమువలన వేలకొలది కుటుంబములు తమ భూములను గోల్పోయెను. ఆ భూములను క్రొత్తవారికి పంచుటకై విలియం పెట్టీ అనునాతడు దేశమంతయు కొలిపించి పటములు వ్రాయించెను. కావున నాటి ఐరిష్ భూస్వామి చరిత్రను వ్రాయువానికి వీలునామాలు, కౌలుపత్రములు, సాక్షుల వాఙ్మూలములు, భూమిపటములు లభించును. ఆ వాఙ్మూలములు నేటికిని డబ్లిన్ నగరమున ట్రినిటీ కళాశాలలో భద్రముగ నున్నవి.

మన నాయకులు అట్టి కాగితములను మనకు విడిచిపోలేదు. వారు విడిచినవి కావ్యములు. కావ్యావతారికలో కృతిభర్త వంశవర్ణనము చేయుట మన కవుల సంప్రదాయము. ఆ వర్ణనమున తాత ముత్తాతల పేర్లు, వియ్యమందిన వంశములు, గెలిచిన యుద్ధములు, త్రవ్వించిన చెరువులు చెప్పబడును. దామెర్ల వంశమునకు అట్టి కావ్యము అంకభూపాలుడు రచించి తన తండ్రియగు చెన్నప్ప కంకితమిచ్చిన ఉషాపరిణయము. అదే వంశమునకు చెందిన దామెర్ల వెంగళభూపాలుని బహుళాశ్వచరిత్రము మరియొకటి. తల్లివైపు బంధువులను గూర్చి తెలిసికొనుటకు వెలుగోటివారి వంశావళి యున్నది. దీనిని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయము 1939లో ప్రకటించెను. వీనికి తోడు, తెలుగు తెలియని సాక్షులు కొందరున్నారు. వారు పోర్చుగీసు మతగురువులు, డచ్చి వర్తకులు, ఆంగ్ల కుంపిణీ నౌకరులు.

ఈ రెండు విధములైన ఆధారములకును దోషములు కలవు. కొడుకు తండ్రిని గూర్చి వ్రాసిన కావ్యమున పొగడ్త యుండక మానదు. వర్తకుడు తన యజమానులకు వ్రాసిన లేఖలో స్వప్రయోజనము తొంగిచూడక మానదు. ఒకరి మాటను మరియొకరి మాటతో సరిచూచినప్పుడే సత్యము కొంత బయటపడును.

అక్కమాంబ పుట్టినిల్లు

ఈ వంశ చరిత్రను చెన్నప్పతో గాక అక్కమాంబతో నారంభించుట యుక్తమని నా యభిప్రాయము. అక్కమాంబ వెలుగోటి కస్తూరిరంగ నాయకుని కూతురు, యాచమ నాయకుని తోబుట్టువు. నాటి తొండమండలమున వెలుగోటి యాచమ నాయకుని పేరు వినని వారుండరు. 1601లో ఉత్తరమల్లూరు యుద్ధమున అతడు దావుల పాపానాయని జయించుట వంశావళి పద్యములలో ప్రసిద్ధము. అట్టి యింటి యాడుబిడ్డను చేపట్టుట చెన్నప్పకు వట్టి వివాహము కాదు. అది రాజకీయమున నొక పక్షమును స్వీకరించుట.

ఆ పక్షము విలువ 1614లో తెలియవచ్చెను. ఆ యేట విజయనగర చక్రవర్తి వేంకటపతిరాయలు మరణించెను. అతడు తన సోదరుని కుమారుడగు శ్రీరంగరాయలను వారసునిగ నిర్ణయించియుండెను. కాని గొబ్బూరి జగ్గరాయడు, తన సోదరియగు రాణి పెంచిన బాలుడే రాయల కొడుకని చెప్పి, శ్రీరంగరాయలను సకుటుంబముగ చెరలో నుంచెను. యాచమ నాయకుడు జగ్గరాయని కూటమిలో చేరక ఎదిరించి నిలిచెను. చెరలోనున్న కుటుంబమునుండి పండ్రెండేండ్ల బాలుడొకడు మాత్రము, బట్టలమూటలో దాగి, ఒక చాకలివాని సాయమున బయటపడెను. మిగిలినవారందరును చంపబడిరి. ఈ ఘోరవృత్తాంతమును బర్రాదాస్ అను పోర్చుగీసు మతగురువు 1616 డిసెంబరులో కొచ్చిననుండి వ్రాసిన లేఖలో వర్ణించెను. ఆ చాకలివాని పేరు చరిత్ర కెక్కలేదు. రాజవంశము నిలిచినది మాత్రము అతని మూపుమీదనే.

ఆ బాలుడే రామదేవరాయలు. యాచమ నాయకుడును, తంజావూరి రఘునాథ నాయకుడును కలిసి తోపూరు యుద్ధమున జగ్గరాయని చంపి రామదేవుని నిలిపిరి. అతడు 1630 వరకు రాజ్యము చేసెను. కాని రాజనీతి విచిత్రమైనది. జగ్గరాయని తమ్ముడు యతిరాజు కూతురును రామదేవుడు వివాహమాడెను. యాచమ నాయకుడు ఎవరితో పోరాడి బాలుని సింహాసన మెక్కించెనో, ఆ గొబ్బూరివారికే ఆ బాలుడు అల్లుడయ్యెను. నాటి కుటుంబములలో వివాహము సైన్యమంత బలమైనదని దీనివలన విదితమగును. కత్తితో గెలిచిన దానిని పెండ్లితో పోగొట్టుకొనుటయు, కత్తితో పోగొట్టుకొన్న దానిని పెండ్లితో తిరిగి సంపాదించుటయు ఆనాటి నీతి. దామెర్లవారి కుమారులు ఈ మేనమామ కథను వినుచు పెరిగిన వారు.

వారి భూమి ఎట్టిది?

ఇచట పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. దామెర్లవారిని భూస్వాములని వ్యవహరించినను, వారి భూమి నేటి పట్టాభూమి వంటిది కాదు. విజయనగర ప్రభువుల పద్ధతిలో నాయకునకు కొంత సీమ అమరముగ నీయబడును. దాని రాబడిలో కొంత రాయలకు చెల్లించి, నిర్ణీతమైన సేనను పోషించి, పిలిచినప్పుడు యుద్ధమునకు పోవలెను. దీనినే నాయంకరమనిరి. రాయల యనుగ్రహ మున్నంతవరకే యా సీమ. ఆ యనుగ్రహము తప్పినచో, ఎదిరించి నిలుపుకొనగల సేనయైన నుండవలెను, లేక విడిచిపోవలెను. ఐరిష్ భూస్వామి భూమిని పోగొట్టినది పరదేశీయుల విజయము. మన నాయకుని భూమిని పోగొట్టుటకు స్వదేశ ప్రభువు కోపము చాలును.

చెన్నప్ప పెద్దకొడుకు వేంకటప్ప, రామదేవుని తరువాత రాజ్యమునకు వచ్చిన మూడవ వేంకటపతిరాయల కాలమున మిక్కిలి ప్రాబల్యమునకు వచ్చెను. ఇతడు వందవాసిలో నుండెను. తమ్ముడు అయ్యప్ప పూనమల్లిలో నుండి తీరప్రాంతమును చూచుచుండెను. ఆ తీరముననే ఉత్తరమున పులికాటులో, అనగా మన వారి ప్రళయకావేరిలో, డచ్చివారి గెల్డ్రియా కోట యుండెను. దక్షిణమున మైలాపూరు చెంత సాంథోములో పోర్చుగీసువా రుండిరి. ఇరువురును బద్ధవైరులు. సముద్రముపై వారు చేయు కలహములు ఒడ్డున నున్న నేతగాండ్ర మగ్గముల వరకు వచ్చుచుండెను.

1639

ఆంగ్లేయులు 1611 నుండి మచిలీపట్టణమున వర్తకము చేయుచుండిరి. అచటి యధికారుల బాధ పడలేక 1626లో దుగ్గరాజుపట్టణము చెంత ఆర్మగాన్ అను చోట మరియొక స్థావర మేర్పరచుకొనిరి. అచటను వస్త్రములు మంచివి దొరకలేదు. అందుచే ఆ స్థావరమున నున్న ఫ్రాన్సిస్ డే దక్షిణమున నొక తావు వెదకుచు మద్రాసుపట్టణమునకు వచ్చెను. 1639 ఆగస్టులో దామెర్ల వేంకటప్ప అతనికి కౌలు నిచ్చెను. దీనికి 22వ తేదీ యని ప్రసిద్ధి. నేడు మనము చదువుచున్నది దాని యాంగ్లానువాదమే.

ఆ కౌలు షరతులు గమనింపదగినవి. అచట కోట కట్టుకొనుటకు అనుమతి యొకటి. ఆంగ్లేయులు స్థిరపడిన పిమ్మట రెండేండ్లపాటు ఊరి యధికారము వారిదే. తదుపరి రేవు సుంకములలోను రాబడిలోను సగము వారికి, సగము నాయకునకు. నాణెములు ముద్రించుకొనుటకు సుంకము లేదు. వారి సరకులకు రేవులో సుంకము లేదు, నాయకుని సీమలో లోపలికి పోవు సరకులపై సగమే. ఇందులో నాయకుడు భూమిని విక్రయింపలేదు, దానము చేయలేదు. రాబడిలో భాగస్వామిని చేర్చుకొనెను. ఇసుకదిబ్బ నొకదానిని పట్టణముగ మార్చుటకు పెట్టుబడి పెట్టువానిని పిలిచెను. ఈ భేదమును గుర్తింపక, తెలుగు నాయకుడు ఏమియు తెలియక పరదేశీయులకు దేశమును ధారపోసెనని వ్రాయుట అన్యాయము.

నాయకుడు ఎందుల కొప్పుకొనెనో కుంపిణీ నౌకరులే తమ పై యధికారులకు తెలిపియున్నారు. వారు తెలిపిన కారణములు నాలుగు. వర్తకులు వచ్చినచో తన దేశము వృద్ధిపొంది ధనవంతమగునన్నది మొదటిది. తన ధనమునకు పారశీక దేశమునుండి మేలైన గుఱ్ఱములు తెప్పించి యీయవలెనన్నది రెండవది. ఏటేట ఆంగ్లేయుల యోడలలో తన సేవకుని బంగాళము పంపి డేగలను, కోతులను, చిలుకలను కొనిపించుకొను వీలు కావలెనన్నది మూడవది. కోట బలముగ కట్టినచో, పొరుగువారు తనపై దాడి చేసినప్పుడు ప్రాణరక్షణమునకు ఉపకరించునన్నది నాలుగవది.

ఈ నాలుగు కోరికలలో దామెర్ల వేంకటప్ప సంపూర్ణముగ కానవచ్చుచున్నాడు. మూడవ కోరికను చూచి ఆంగ్లేయులు నవ్వుకొనిరి, అవి తుచ్ఛవస్తువులని వ్రాసిరి. కాని వేట డేగ లేని దొర కొలువు ఆనాడు కొలువు కాదు. గుఱ్ఱము వేడుక వస్తువు కాదు, అది అమరనాయకుని యుద్యోగమునకు మూలము. సేన లేనిదే సీమ లేదు, గుఱ్ఱము లేనిదే సేన లేదు. ఇక నాలుగవ కోరిక అన్నింటికంటె ముఖ్యమైనది. అందులో పైకి చెప్పరాని భయము కలదు. మేనమామ యింట 1614 నాటి కథ విన్నవాడు, ఒక రాజకుటుంబమంతయు చెరలో నశించుట తెలిసినవాడు, తన భార్యాబిడ్డలకై సముద్రతీరమున నొక దాపు వెదకుకొనుట సహజము.

1640 ఫిబ్రవరిలో ఆండ్రూ కోగన్, డే కలిసి మద్రాసుపట్టణమునకు వచ్చి కోటపని నారంభించిరి. కోట ఖర్చు ఎవరిదన్న విషయమున వెంటనే వివాదము పుట్టెను. నాయకుడు పెట్టుకొనునని డే తన యధికారులకు నమ్మబలికియుండెను. నాయకుడు అట్లు పెట్టలేదు. ఖర్చు కుంపిణీపై బడెను. ఇందు దుబాసుల తప్పెంతయో, డే యాతురత యెంతయో నిర్ణయించుట కంటె, రెండు భాషల నడుమ నొక పత్రము పుట్టినప్పుడు ఎవరికి వారు కోరినదే చదువుకొందురన్న సత్యమును గ్రహించుట మేలు.

చెన్నపట్టణమను పేరు

ఊరిపేరును గూర్చి రెండు వాదములు కలవు. చెన్నప్పపేర పుట్టినదని యొకటి. అచటి చెన్నకేశవస్వామి పేర పుట్టినదని రెండవది. ఉషాపరిణయ కర్త మొదటి దానికి సాక్షి. తన యన్న అయ్యప్ప, ప్రళయకావేరికిని మైలాపూరికిని నడుమ, ఆ యుభయుల కలహములను మాన్పుటకై, తండ్రిపేర పట్టణమును నిర్మించెనని అవతారికలోని తాత్పర్యము. తండ్రిపేర చెన్నసాగరమను తటాకమును నిర్మించినట్లును ఇచట ప్రస్తావన కలదు.

ఇచట నొక చిక్కు కలదు. కౌలు నిచ్చినవాడు వేంకటప్ప. పట్టణము కట్టినవాడు అయ్యప్ప యని తమ్ముడు చెప్పుచున్నాడు. ఇది పరస్పర విరుద్ధమా? కాదనియే తోచుచున్నది. అధికార ముద్ర పెద్దవానిది, తీరమున నుండి పనిచేసినవాడు చిన్నవాడు. ఉమ్మడి కుటుంబమున సంతకము అన్నదై, వ్యవహారము తమ్మునిదై యుండుట నేటికిని మనము చూచుచునే యున్నాము. ఆంగ్లేయుల కాగితములు సంతకము చేసినవానిని చూచెను. ఇంటిలోని కవి పనిచేసినవానిని చూచెను. మరియు డచ్చి పోర్చుగీసు కోటల నడుమ మూడవవారిని నిలుపుట అను రాజనీతి, కావ్యమునుండి మాత్రమే మనకు తెలియుచున్నది. వర్తకుల లేఖలలో కనబడు కారణములకు ఇది యైదవదై చేరుచున్నది.

రెండవ వాదమునకు అడ్డంకి యేమనగా, చెన్నకేశవాలయము పట్టణమునకు తరువాతిది. దానికి చెందిన దానపత్రములు 1646, 1648 నాటివి. దాతలు కుంపిణీతో వ్యవహరించిన నాగభట్టు, బేరి తిమ్మన. ఆ దేవాలయము 18వ శతాబ్దమున కోట రక్షణమునకై కూల్చబడి, వేరొక చోట తిరిగి కట్టబడెను. అందుచే దేవుని పేరుబట్టి ఊరు వచ్చుట కంటె, ఊరిపేరుబట్టి ఆ దేవుని ప్రతిష్ఠించుటయే సంభావ్యము. అయినను ఈ వివాదమును మరీ పెంచ నవసరము లేదు. చెన్ను అనగా అందము. చెన్నుడు కేశవుని పేరు. చెన్నప్ప తలిదండ్రులు తమ బిడ్డకు పెట్టినది ఆ దేవుని పేరే. మానవుని పేరని యన్నను, దేవుని పేరని యన్నను, తెలుగున చెన్ను అను నొక్క మాటయొద్దకే చేరుదుము.

1952–53 సంవత్సరములలో మదరాసు నగరము ఎవరిదన్న యాందోళనము జరిగినప్పుడు చెన్నప్ప పేరు వేదికలపై పలుమారు వినబడెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఆ నగరము లేకయే యవతరించెను. నాటి యుద్రేకమున, పేరు తెలుగుదైన ఊరును తెలుగుదే యని కొందరు వాదించిరి. ఆ తీరమున తమిళులును తెలుగువారును కలిసియే యుండిరి. ఊరిపేరు ఒక కుటుంబ చరిత్రకు సాక్షి కాగలదు కాని, భూమికి పట్టా కాజాలదు. చరిత్రను అర్జీగ మార్చినచో చరిత్రయు చెడును, అర్జీయు చెడును.

పతనము, శేషము

మూడవ వేంకటపతిరాయలు 1642 అక్టోబరులో మరణించెను. అతని తరువాత శ్రీరంగరాయలు రాజ్యమునకు వచ్చెను. వేంకటప్ప గోలకొండతో లోపాయికారిగ వ్యవహరించుచున్నాడన్న యనుమానముతో క్రొత్త రాయలు అతనిని బంధించి, సీమలో చాలభాగమును లాగుకొనెను. ఆ పెత్తనము డచ్చివారితో వర్తకము చేయు చిన్నన చెట్టి చేతికి పోయెను. అయ్యప్ప మొదలగు బంధువులు అన్నను విడిపించుటకై సేన గూర్చిరి. ప్రాణరక్షణమునకై కోరిన కోట మూడేండ్లలోనే లేచి నిలిచియుండెను. కాని దానిని కోరినవాడు అందు చేరలేకపోయెను. ఆంగ్లేయులు తమ తావును నిలుపుకొనుటకై 1645లో శ్రీరంగరాయలవద్ద వేరొక కౌలు పొందిరి. అందు ఊరికి శ్రీరంగరాయపట్టణమని క్రొత్తపేరు పెట్టబడెను. రాజు పెట్టిన పేరు నిలువలేదు, కొడుకులు పెట్టిన పేరు నిలిచెను. అటుపిమ్మట 1646–47లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఆ తీరమును జయింపగా, రాయలును నాయకులును సమముగనే అధికారము గోల్పోయిరి.

అయినను దామెర్లవారు నశింపలేదు. కాళహస్తి సంస్థానాధిపతులుగ ఈ వంశము నిలిచెను. ఆ ప్రభువుల పేర్లలో వేంకటప్ప నాయనిం, తిమ్మ నాయనిం, అక్కప్ప నాయనిం అని తాతల పేర్లు మరల మరల వచ్చుచుండెను. 1802లో కుంపిణీ ప్రభుత్వము వెంకటగిరి, కాళహస్తి మొదలగు సంస్థానములకు శాశ్వత సనదు లిచ్చెను. ఇచ్చట విధివిలాసము గమనింపదగినది. 1639లో దామెర్లవారు కౌలు ఇచ్చినవారు, ఆంగ్లేయులు పుచ్చుకొన్నవారు. 1802లో ఇచ్చినవారు ఆంగ్లేయులు, పుచ్చుకొన్నవారు దామెర్లవారు. అక్కమాంబ పుట్టినింటివారగు వెంకటగిరి ప్రభువులును అదే యేట అదే విధమైన పత్రము నందుకొనిరి. 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయినవి.

ఉపసంహారము

పై చర్చవలన మూడంశములు తేలుచున్నవి. మొదటిది, మద్రాసు కౌలును ఒక నాయకుని యజ్ఞానముగ గాక, ఒక కుటుంబము తన భద్రతకై చేసిన యాలోచనగ గ్రహింపవలెను. ఆ యాలోచన ఫలింపలేదు, అది వేరు విషయము. రెండవది, కావ్యావతారికలను అతిశయోక్తులని త్రోసివేయక, అన్యభాషా పత్రములతో సరిచూచి వాడుకొనవలెను. అంకభూపాలుని అవతారిక లేనిచో అయ్యప్ప పాత్రయు, పట్టణనామ కారణమును మనకు స్పష్టముగ తెలియకుండెడివి. మూడవది, మన వంశచరిత్రలలో స్త్రీల పేర్లను కేవలము విశేషణములుగ విడువరాదు. అక్కమాంబను తొలగించినచో వెలుగోటి, దామెర్ల వంశములకు సంబంధమే లేదు. చెన్నప్ప కొడుకులకు ఆ బలమును లేదు, ఆ భయమును లేదు.

చెన్నప్ప స్వయముగ నేమి చేసెనో మనకు తెలిసినది స్వల్పము. కొడుకులు అతని పేర నొక చెరువును, ఒక కావ్యమును, ఒక పట్టణమును నిలిపిరి. చెరువును నేడు తలచువారు లేరు. కావ్యమును చదువువారు కొలదిమంది. పట్టణము పేరు మాత్రము ప్రతిదినము లక్షలమంది నోట పలుకబడుచున్నది. సికింద్రాబాదులో రైలెక్కి చెన్నైకి చీటి కొనువాడు ఇరువురి పేర్లు నొక్క కాగితముపై చేతబట్టుకొని పోవుచున్నాడు. అందొకడు తన పేరు తన కాలముననే ఊరికెక్కిన ప్రభువు, రెండవవాడు కొడుకుల భక్తివలన నిలిచిన గృహస్థు.